కెర్నెల్ డ్రైవర్‌ను చూసుకోవడం ఎలా? ఒక ఉష్ణోగ్రత సెన్సర్ ఉదాహరణతో సమగ్ర మార్గదర్శి

లైనక్స్ కెర్నెల్ సోర్స్‌లో సగానికి పైగా డ్రైవర్లే, అంటే ఒక్కో హార్డ్‌వేర్‌ను నడిపే కోడే. కొత్త డ్రైవర్ రాద్దామన్న ఉత్సాహం చాలామందికి ఉంటుంది. అది కెర్నెల్‌లో చేరాక ఏళ్ల తరబడి దాన్ని కనిపెట్టుకుని ఉండేవాళ్లే తక్కువ. ఈ మార్గదర్శి ఆ రెండో పని గురించి. ఇప్పటికే ఉన్న డ్రైవర్‌ను అర్థం చేసుకోవడం, సరిచేయడం, దాని డాక్యుమెంటేషన్ కోడ్‌తో కలిసి నడిచేలా చూడటం, చివరికి సొంత పేరు పెట్టి బాధ్యత తీసుకోవడం దాకా వెళ్దాం. సి భాష, గిట్, లైనక్స్ టెర్మినల్ మీకు కొంత అలవాటనే అనుకుంటున్నాను. కమాండ్లు, ఫైళ్ల పేర్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో ఉంటాయి. టైప్ చేసేటప్పుడు వాటి ఇంగ్లిష్ స్పెల్లింగే వాడాలి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. డాక్యుమెంటేషన్ అంటే కోడ్ పని అయ్యాక తీరిగ్గా రాసుకునేదని చాలామంది అనుకుంటారు. కెర్నెల్‌లో అది కుదరదు. ఒకసారి విడుదలైన ఇంటర్‌ఫేస్‌ను వెనక్కి తీసుకోలేం. కాబట్టి దాన్ని వివరించిన పేజీయే వాడుకరికి మీరిచ్చిన మాట, కోడ్ ఆ మాటను నిలబెట్టాలి. అందుకే ప్యాచ్ (కోడ్‌లో చేయాల్సిన మార్పు) పంపడం కంటే డాక్యుమెంటేషన్‌కే ఇక్కడ ఎక్కువ చోటిచ్చాను.

ఉదాహరణకు ఎల్ఎం75 అనే చిప్‌ను తీసుకుందాం. నేషనల్ సెమీకండక్టర్ తెచ్చిన చిన్న ఉష్ణోగ్రత సెన్సర్ ఇది. ఐ2సి బస్ మీద, అంటే చిన్న చిప్‌లను కలిపే రెండు తీగల దారి మీద, మాట్లాడుతుంది. దీనికి సరిపోలే చిప్‌లను తర్వాత ఎన్నో కంపెనీలు చేశాయి. కెర్నెల్‌లోని ఎల్ఎం75 డ్రైవర్ ఒక్కటే ఇప్పుడు 20కి పైగా చిప్‌లను నడిపిస్తుంది. డ్రైవర్ చిన్నది, ఒక సాయంత్రం కూర్చుంటే మొత్తం చదవొచ్చు. అయినా పెద్ద డ్రైవర్లలో ఎదురయ్యే చిక్కులన్నీ చిన్న మోతాదులో ఇందులో ఉన్నాయి.

1. ముందు చిప్, తర్వాత డ్రైవర్

కోడ్ తెరిచే ముందు డేటాషీట్, అంటే చిప్ కంపెనీ ఇచ్చే వివరాల పత్రం, చదవండి. ఎల్ఎం75 విషయంలో తెలుసుకోవాల్సినవి ఇవి: చిరునామాలు హెక్స్ 48 నుంచి 4ఎఫ్ వరకు, అంటే ఒకే బస్ మీద 8 చిప్‌లు పెట్టుకోవచ్చు. కొలిచే పరిధి మైనస్ 55 నుంచి 125 డిగ్రీల సెల్సియస్. ఫలితం 9 బిట్లలో వస్తుంది, ఒక్కో మెట్టు అర డిగ్రీ. కరెంట్ ఇవ్వగానే పై హద్దు 80 డిగ్రీలు, అలారం మళ్లీ ఆగే హద్దు 75 డిగ్రీలు. అసలు ఎల్ఎం75లో 'నేను ఫలానా చిప్‌ని' అని చెప్పే గుర్తింపు రిజిస్టర్ లేదు. ఈ చివరి సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ, డ్రైవర్‌లో చిప్‌ను పసిగట్టే భాగం అంత జాగ్రత్తగా, అంత అనుమానంగా ఎందుకు రాశారో దాంతోనే అర్థమవుతుంది.

తర్వాత గిట్ లాగ్. డ్రైవర్ ఫైల్ చరిత్రను మొదటి కమిట్ నుంచి చదవండి. ఏదైనా లైన్ వింతగా కనిపిస్తే గిట్ బ్లేమ్ వేసి, దాన్ని ఎవరు ఏ కారణంతో పెట్టారో చూడండి. కెర్నెల్ కమిట్ సందేశాల్లో కారణం రాసే సంప్రదాయం గట్టిది. 'ఇది అనవసరం, తీసేద్దాం' అనిపించిన లైన్ వెనక ఎక్కడో ఒక బోర్డు, ఒక బగ్ ఉంటుంది.

2. ఎవరిది, ఏ ట్రీలో?

సోర్స్ పై స్థాయిలోనే మెయింటైనర్స్ అనే పొడవాటి టెక్స్ట్ ఫైల్ ఉంటుంది. ప్రతి విభాగానికీ కొన్ని అక్షరాల గుర్తులు: ఎమ్ అంటే మెయింటైనర్ (ఆ కోడ్ బాధ్యత చూసేవారు), ఆర్ అంటే రివ్యూయర్, ఎల్ అంటే మెయిలింగ్ లిస్ట్, టి అంటే గిట్ ట్రీ, ఎఫ్ అంటే ఆ విభాగం కిందికి వచ్చే ఫైళ్లు. ఎస్ అనేది స్థితి, దాన్ని శ్రద్ధగా చూడండి. 'సపోర్టెడ్' అంటే ఎవరో జీతం తీసుకుని చూస్తున్నారు. 'మెయింటైన్డ్' అంటే చూసేవారు ఉన్నారు. 'ఆడ్ ఫిక్సెస్' అంటే పేరుకు ఒకరు ఉన్నారు కానీ తీరిక తక్కువ. 'ఆర్ఫన్' అంటే ఎవరూ లేరు. పని నేర్చుకోవాలనుకునేవారికి చివరి రెండూ మంచి చోట్లు.

ఈ ఫైల్‌ను చేత్తో వెతకనక్కర్లేదు. స్క్రిప్ట్స్ ఫోల్డర్‌లోని గెట్ మెయింటైనర్ స్క్రిప్ట్‌కు మీ ప్యాచ్ ఇస్తే ఎవరెవరికి పంపాలో చెబుతుంది. ఎల్ఎం75 హార్డ్‌వేర్ మానిటరింగ్ సబ్‌సిస్టమ్ కిందికి వస్తుంది. అందరూ దాన్ని హెచ్‌డబ్ల్యూమాన్ అంటారు. చాలా ఏళ్లుగా దాని మెయింటైనర్ గుంటర్ రోక్.

పని చేయాల్సింది లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ట్రీ మీద కాదు, ఆ సబ్‌సిస్టమ్ 'నెక్స్ట్' బ్రాంచ్ మీద. పాత డిస్ట్రిబ్యూషన్ కెర్నెల్ మీద రాసి పంపిన ప్యాచ్ అతకదు. బోర్డు కంపెనీలు ఇచ్చే కెర్నెల్ మీద పనిచేసేవారికి ఈ అలవాటు మార్చుకోవడమే మొదటి కష్టం. హైదరాబాద్‌లో చిప్ కంపెనీల్లో ఉన్న చాలామంది రోజువారీ పని అలాంటి కెర్నెళ్ల మీదే.

డ్రైవర్ కెర్నెల్ లోపల ఉంటే లాభం ఏమిటని అడుగుతారు. కెర్నెల్ లోపలి ఫంక్షన్లు ఎప్పుడైనా మారవచ్చు, వాటికి హామీ లేదు. 2022 డిసెంబర్‌లో వచ్చిన 6.1 వెర్షన్‌లో ఐ2సి డ్రైవర్ల రిమూవ్ ఫంక్షన్ ఇక ఏ విలువా తిరిగివ్వకూడదని మార్చారు. కెర్నెల్‌లో ఉన్న డ్రైవర్లన్నిటినీ ఆ మార్పు తెచ్చినవాళ్లే సరిచేశారు. బయట విడిగా ఉంచుకున్నవారు మాత్రం కంపైల్ ఎర్రర్ చూసి ఎవరికి వారు తంటాలు పడ్డారు.

3. చిప్ చేతిలో లేకుండా పరీక్షించడం

మెయింటైనర్ దగ్గర తన డ్రైవర్ నడిపే చిప్‌లన్నీ ఉండవు. ఎల్ఎం75 లాంటి డ్రైవర్‌కైతే ఉండే అవకాశమే లేదు. ఇక్కడ ఐ2సి స్టబ్ అనే మాడ్యూల్ ప్రాణం పోస్తుంది. చిప్ లేకపోయినా ఉన్నట్టు మెమరీలో ఇది నటిస్తుంది.

కెర్నెల్ కాన్ఫిగరేషన్‌లో దాన్ని మాడ్యూల్‌గా ఎంచుకుని బిల్డ్ చేయండి. లోడ్ చేసేటప్పుడు చిప్ చిరునామా హెక్స్ 48 అని ఇవ్వండి. కొత్త ఐ2సి బస్ ఒకటి కనిపిస్తుంది. దాని నంబర్‌ను ఐ2సి డిటెక్ట్ కమాండ్ చూపిస్తుంది. ఇప్పుడు ఐ2సి సెట్ కమాండ్‌తో సున్నా నంబర్ రిజిస్టర్‌లో 16 బిట్ల విలువ రాయాలి. 25 డిగ్రీలంటే చిప్ ముందు హెక్స్ 19, తర్వాత 00 పంపుతుంది. కానీ ఎస్ఎంబస్ (ఐ2సి మీద నడిచే ఒక నియమావళి) పద్ధతిలో మొదట వచ్చే బైట్‌ను కింది బైట్‌గా లెక్కేస్తారు కాబట్టి, మీరు రాయాల్సిన విలువ 0019. ఈ తారుమారు దగ్గర చాలామంది తికమకపడతారు. తర్వాత ఆ బస్ సిస్‌ఎఫ్‌ఎస్ (కెర్నెల్ తన సమాచారాన్ని ఫైళ్లుగా చూపే చోటు) ఫోల్డర్‌లోని న్యూ డివైస్ ఫైల్‌లో చిప్ పేరు, చిరునామా రాస్తే డ్రైవర్ అతుక్కుంటుంది. టెంప్1 ఇన్‌పుట్ ఫైల్ చదవండి: 25000 రావాలి. ఇది మిల్లీడిగ్రీల్లో.

25 డిగ్రీలు సరిగ్గా వస్తే సంబరపడకండి, అది అందరికీ వస్తుంది. మైనస్ అర డిగ్రీ పెట్టి చూడండి. చిప్ పంపే బైట్లు ఎఫ్‌ఎఫ్, 80. స్టబ్‌లో తిప్పి రాసి చదివితే మైనస్ 500 రావాలి. సంఖ్య గుర్తు పోయిందా, అర డిగ్రీ పోయిందా, బైట్లు తారుమారయ్యాయా అన్న మూడు తప్పులనూ ఈ ఒక్క విలువ బయటపెడుతుంది. ఆ తర్వాత హద్దు ఫైల్‌లో 500 డిగ్రీలు రాసి చూడండి. హెచ్‌డబ్ల్యూమాన్ సంప్రదాయం ప్రకారం డ్రైవర్ ఎర్రర్ ఇవ్వకూడదు. చిప్ మోయగల గరిష్ఠ విలువకు కుదించి రాసుకోవాలి. చేతిలో ఏ చిప్ ఉందో తెలియకుండా విలువ రాసే ప్రోగ్రామ్‌లు ఉంటాయి కాబట్టి ఆ నియమం పెట్టారు.

స్టబ్ వట్టి మెమరీ. చిప్ కొలతకు ఎంత సమయం పడుతుందో, బస్ మీద జవాబు రాకపోతే ఏమవుతుందో అది చూపించదు. క్యూఎమ్యూ ఎమ్యులేటర్‌లో టీఎంపీ105 అనే సరిపోలే చిప్ ఉంది, కొంతవరకు అది సాయపడుతుంది. మిగతాదానికి నిజమైన బోర్డు ఉన్నవారు తాము పరీక్షించామని చెప్పే 'టెస్టెడ్ బై' లైనే ఆధారం.

4. డాక్యుమెంటేషన్: నాలుగు చోట్లు, నలుగురు పాఠకులు

కెర్నెల్ డాక్యుమెంటేషన్ అంతా డాక్యుమెంటేషన్ అనే ఫోల్డర్‌లోనే ఉంటుంది. 2016లో 4.8 వెర్షన్‌తో అది పాత డాక్‌బుక్ పద్ధతి నుంచి స్ఫింక్స్ అనే డాక్యుమెంటేషన్ సాధనానికి మారడం మొదలైంది. ఫైళ్లు రీస్ట్రక్చర్డ్ టెక్స్ట్ అనే సాదా ఫార్మాట్‌లో ఉంటాయి. ఆ విభాగం మొత్తాన్ని చాలాకాలంగా చూస్తున్నది జొనాథన్ కార్బెట్. డ్రైవర్ గురించి రాయాల్సిన చోట్లు నాలుగు. ఒక్కో చోట చదివే మనిషి వేరు. ఒకరికి రాయాల్సింది ఇంకొకరి పేజీలో పెట్టడమే డాక్యుమెంటేషన్ ప్యాచ్‌లలో నేను ఎక్కువగా చూసే లోపం.

మొదటిది డ్రైవర్ పేజీ. హెచ్‌డబ్ల్యూమాన్‌లో ప్రతి డ్రైవర్‌కూ ఒక పేజీ ఉండాలి, కొత్త డ్రైవర్ పంపితే పేజీ కూడా కలిపి పంపాల్సిందే. దీన్ని చదివేది సర్వర్ చూసుకునేవారు, బోర్డు పెట్టి ఏదో వింత సంఖ్య చూసినవారు. వారికి కావలసింది: ఏయే చిప్‌లు పనిచేస్తాయి, చిరునామాలు ఏవి, ఏ ఫైల్‌లో ఏముంటుంది, చిప్ వింతలు ఏమిటి. ఎల్ఎం75 పేజీలో ఒక మంచి వాక్యం ఉంది. చిప్ 1.5 సెకన్లకోసారే విలువ మారుస్తుందని, అంతకంటే తరచుగా చదివితే నష్టం లేదుగానీ పాత విలువే వస్తుందని దాని సారం. ఫంక్షన్ పేర్లు, లోపలి స్ట్రక్చర్లు ఈ పాఠకుడికి అక్కర్లేదు.

మీరు కొత్త చిప్‌కు మద్దతు చేరిస్తే ఈ పేజీలో దాని పేరు, ప్రిఫిక్స్, స్కాన్ చేసే చిరునామాలు చేర్చాలి. కెకాన్ఫిగ్ (బిల్డ్‌లో ఏం చేరాలో ఎంచుకునే) ఫైల్‌లోని సహాయ వాక్యంలోనూ చేర్చాలి. కొత్త పేజీ అయితే ఇండెక్స్ ఫైల్‌లో అక్షర క్రమంలో పెట్టాలి, అసలు పెట్టడమే మరచిపోతే స్ఫింక్స్ హెచ్చరిక ఇస్తుంది.

రెండోది ఏబీఐ (కెర్నెల్ బయటి ప్రోగ్రామ్‌లకు ఇచ్చే ఇంటర్‌ఫేస్) ఫోల్డర్. యూజర్ స్పేస్‌కు, అంటే కెర్నెల్ బయట నడిచే ప్రోగ్రామ్‌లకు, కనిపించే ప్రతి సిస్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌కూ ఇక్కడ నమోదు ఉండాలి. ఆ నమోదులో ఏ ఫైల్, ఎప్పుడు వచ్చింది, ఏ కెర్నెల్ వెర్షన్, ఎవరిని అడగాలి, వివరణ ఉంటాయి. లోపల స్టేబుల్, టెస్టింగ్, అబ్సొలీట్, రిమూవ్డ్ అనే విభాగాలు. స్టేబుల్‌లో ఉన్నదానికి కనీసం 2 ఏళ్ల హామీ అని అక్కడి పరిచయ పేజీ చెబుతుంది. ఆచరణలో టెస్టింగ్‌లో ఉన్నదాన్ని కూడా, ఎవరైనా వాడుతుంటే, ముట్టుకోలేరు.

ఇక్కడ పదాలు ఎంత బరువైనవో ఒక ఉదాహరణ చూడండి. టెంప్1 మ్యాక్స్ హిస్ట్ అనే ఫైల్ ఉంది. అలారం ఆగే హద్దు అది. పై హద్దు 80 డిగ్రీలు, ఆగే హద్దు 75 అయితే ఈ ఫైల్‌లో 75000 ఉండాలా, తేడా కాబట్టి 5000 ఉండాలా? రెండూ సబబుగానే అనిపిస్తాయి. కొన్ని చిప్‌లు లోపల తేడానే దాచుకుంటాయి. హెచ్‌డబ్ల్యూమాన్ డాక్యుమెంటేషన్ ఒకే ముక్కలో తేల్చింది: అసలు ఉష్ణోగ్రతే చూపాలి, తేడా కాదు. ఆ ఒక్క వాక్యం వల్ల సెన్సర్స్ లాంటి ప్రోగ్రామ్ ఏ చిప్ గురించీ ప్రత్యేకంగా తెలియకుండానే వందల డ్రైవర్లతో పనిచేస్తుంది. ఆ వాక్యం లేకుండా ఒక డ్రైవర్ 5000 అని విడుదలై ఉంటే, తర్వాత దాన్ని సరిచేయడం కూడా ఎవరి స్క్రిప్ట్‌నో విరగ్గొట్టేది. అందుకే నేను కొత్త ఫైల్ చేర్చే ముందు దాని ఏబీఐ వివరణ రాస్తాను. యూనిట్ ఏమిటి, నెగెటివ్ రావచ్చా, రాస్తే వెంటనే అమలవుతుందా, హద్దు దాటితే ఏమవుతుంది అన్న ప్రశ్నలకు జవాబు రాయలేకపోతే ఆ ఫైల్ ఇంకా సిద్ధం కానట్టే.

యూనిట్లు మీ ఇష్టం కాదు. ఉష్ణోగ్రత మిల్లీడిగ్రీలు, వోల్టేజ్ మిల్లీవోల్టులు, కరెంట్ మిల్లీఆంపియర్లు. పవర్ మాత్రం మైక్రోవాట్లు. ఆ చివరిది చూసుకోకపోతే మీ సంఖ్య 1000 రెట్లు తప్పుతుంది.

మూడోది డివైస్ ట్రీ బైండింగ్, అంటే బోర్డు మీద ఏ చిప్ ఎక్కడుందో చెప్పే వర్ణనను ఎలా రాయాలో తేల్చే నియమం. దీన్ని చదివేది బోర్డు వర్ణన రాసే ఇంజినీర్. ఇది వైఏఎంఎల్‌లో ఉంటుంది, మనిషితో పాటు యంత్రమూ చదువుతుంది. ఇక్కడ రాయాల్సింది హార్డ్‌వేర్ గురించే, డ్రైవర్ గురించి కాదు. 'డ్రైవర్ ఈ విలువ చూసి ఫలానా పని చేస్తుంది' అన్న వాక్యం బైండింగ్‌లో కనిపిస్తే రివ్యూయర్లు వెనక్కి పంపుతారు. ఎందుకంటే అదే వర్ణనను లైనక్స్ కాకుండా వేరే సిస్టమ్, వేరే బూట్‌లోడర్ కూడా చదవవచ్చు. బైండింగ్ విడి ప్యాచ్‌గా, సిరీస్‌లో డ్రైవర్ ప్యాచ్ కంటే ముందు ఉండాలి. పంపే ముందు డీటీ బైండింగ్ చెక్ అనే మేక్ టార్గెట్ నడపండి. అది ఉదాహరణను కూడా కంపైల్ చేసి చూస్తుంది.

నాలుగోది కోడ్‌లోనే ఉండే కెర్నెల్ డాక్ వ్యాఖ్యలు. స్లాష్ తర్వాత రెండు నక్షత్రాలతో మొదలవుతాయి. ఒక్కో పరామితి పేరు ముందు ఎట్ గుర్తు. వీటిని చదివేది ఇంకో కెర్నెల్ ప్రోగ్రామర్. చిన్న డ్రైవర్‌లో స్టాటిక్ ఫంక్షన్లన్నిటికీ ఇవి పెట్టక్కర్లేదు. పేరును మళ్లీ వాక్యంగా రాసే వ్యాఖ్యలు, అంటే రీడ్ టెంప్ అనే ఫంక్షన్ మీద 'ఉష్ణోగ్రత చదువుతుంది' అని రాయడం, చదివేవారి సమయం వృథా చేస్తాయి. బయటికి ఎక్స్‌పోర్ట్ చేసే ఫంక్షన్లకు మాత్రం తప్పనిసరిగా రాయండి: లాక్ పట్టుకుని పిలవాలా, నిద్రపోవచ్చా (మధ్యలో ఆగి వేచి ఉండవచ్చా), ఏమి తిరిగిస్తుంది. పరామితి పేరు మార్చి వ్యాఖ్య మార్చకపోతే అదనపు హెచ్చరికలు చూపే డబ్ల్యూ=1 తో చేసే బిల్డ్ పట్టేస్తుంది.

బిల్డ్ చేసి చూడకుండా డాక్యుమెంటేషన్ పంపకండి. హెచ్‌టీఎంఎల్ డాక్స్ టార్గెట్ మొత్తం నడిపితే చాలాసేపు పడుతుంది. స్ఫింక్స్ డిర్స్ అనే వేరియబుల్‌కు హెచ్‌డబ్ల్యూమాన్ అని ఇస్తే ఆ ఒక్క ఫోల్డరే తయారవుతుంది.

అనువాదాల సంగతి. డాక్యుమెంటేషన్ ఫోల్డర్‌లో చైనీస్, ఇటాలియన్, జపనీస్, కొరియన్, స్పానిష్ అనువాదాలున్నాయి. తెలుగు లేదు. చేర్చాలనే కోరిక మంచిదే కానీ, ఇంగ్లిష్ పేజీ మారిన ప్రతిసారీ దాన్ని తాజాగా ఉంచే మనుషులు లేకుండా మొదలుపెడితే పాతబడిన పేజీ తప్పుదారి పట్టిస్తుంది. మొదలుపెట్టేవారు డ్రైవర్ పేజీలు కాక, ప్యాచ్ పంపే పద్ధతి గురించిన పేజీతో మొదలుపెట్టడం మేలు.

5. ప్యాచ్, దాని వెనక కారణం

ఒక ప్యాచ్‌లో ఒకే మార్పు. ఖాళీలు సరిచేయడం, బగ్ సరిచేయడం కలిపి పంపితే రెండూ ఆగిపోతాయి. శీర్షికలో ముందు సబ్‌సిస్టమ్, తర్వాత డ్రైవర్ పేరు, తర్వాత ఏం చేస్తుందో ఆజ్ఞలా. కింద సందేశంలో ముందు సమస్య: ఎవరికి, ఏ చిప్ మీద, ఏమి కనిపించింది. తర్వాత పరిష్కారం. లైన్ 75 అక్షరాలు దాటకూడదు.

పాత కమిట్ వల్ల వచ్చిన బగ్ అయితే 'ఫిక్సెస్' లైన్‌లో ఆ కమిట్ గుర్తింపు మొదటి 12 అక్షరాలు, శీర్షిక రాయండి. చివర 'సైన్డ్ ఆఫ్ బై'. ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుంది అని చెప్పే సంతకం అది. లైనక్స్‌లో తన కోడ్ ఉందని వాదించిన ఎస్‌సీఓ కంపెనీ కోర్టు వివాదాల నేపథ్యంలో 2004లో ఈ పద్ధతి వచ్చింది. పేరు విషయంలో మనవాళ్లకో సందేహం: ఇంటిపేరు ముందా వెనకా, పొడి అక్షరమా పూర్తిగానా? ఏదైనా ఫర్వాలేదు, కానీ అన్ని ప్యాచ్‌లలో ఒకేలా ఉండాలి, ఈమెయిల్‌లో ఉన్నదే ఉండాలి.

కోడ్ శైలిని తనిఖీ చేసే చెక్‌ప్యాచ్ స్క్రిప్ట్‌ను స్ట్రిక్ట్ ఆప్షన్‌తో నడపండి. అయితే చెక్‌ప్యాచ్ మౌనంగా ఉందంటే కోడ్ బాగుందని కాదు. అలాగే పాత డ్రైవర్‌లో అది చూపించే ప్రతి హెచ్చరికనూ సరిచేస్తూ డజన్ల ప్యాచ్‌లు పంపడం ఎవరికీ ఉపకారం కాదు. అలాంటి సాధనకు స్టేజింగ్ అనే డైరెక్టరీ వేరే ఉంది.

6. పంపడం, రివ్యూ

ప్యాచ్‌లు ఈమెయిల్‌లోనే వెళ్తాయి, సాదా టెక్స్ట్‌లో. కెర్నెల్ లిస్టులు హెచ్‌టీఎంఎల్ మెయిల్‌ను తిప్పికొడతాయి. ఆఫీస్ మెయిల్ సర్వర్లు ట్యాబ్‌లను ఖాళీలుగా మార్చేస్తాయి, పైగా కింద 'ఈ సందేశం రహస్యం' అని ఒక పేరా తగిలిస్తాయి. ఆ పేరా ఉన్న ప్యాచ్‌ను చాలామంది మెయింటైనర్లు ముట్టుకోరు. రహస్యమని రాసినదాన్ని ప్రపంచానికి ఎలా పంచుతారు మరి? దీనికి దారి బీ4 అనే సాధనం. సిరీస్ సిద్ధం చేయడం, ఎవరికి పంపాలో చేర్చడం, వెర్షన్లు లెక్కపెట్టడం అన్నీ చేస్తుంది. మెయిల్ సర్వర్ సహకరించకపోతే కెర్నెల్ డాట్ ఆర్గ్ వారి వెబ్ దారి గుండా కూడా పంపగలదు.

జవాబు రాకపోతే కనీసం ఒక వారం ఆగండి. వచ్చిన ప్రతి వ్యాఖ్యకూ ఆ వాక్యం కిందే జవాబు రాయండి. ఒప్పుకుంటే 'సరే, తర్వాతి వెర్షన్‌లో మారుస్తా' అని, ఒప్పుకోకపోతే కారణం. రివ్యూ కటువుగా అనిపించవచ్చు. మర్యాద మాటలు తక్కువ ఉన్నంతమాత్రాన కోపమని కాదు, రోజుకు వందల మెయిళ్లు చదివే మనిషి క్లుప్తత అది. మనవాళ్లలో పెద్దవాళ్ల మాటకు ఎదురు చెప్పకూడదన్న మొహమాటం వల్ల, రివ్యూయర్ పొరబడినా తలూపి మార్చేసేవారిని చూశాను. డేటాషీట్ పేజీ చూపించి కాదనడం ఇక్కడ గౌరవమే.

వెర్షన్ 2లో ఏం మారిందో, సందేశం ముగిశాక వచ్చే మూడు గీతల కింద రాయాలి, కమిట్ సందేశంలో కాదు. మొదటి వెర్షన్ మీద వచ్చిన 'రివ్యూడ్ బై' లైన్లు, కోడ్ పెద్దగా మారకపోతే, వెంట తీసుకెళ్లండి. మారితే తీసేసి ఎందుకో చెప్పండి.

7. క్యాలెండర్

లైనస్ ఒక వెర్షన్ విడుదల చేయగానే కొత్త మార్పులను చేర్చుకునే 2 వారాల మెర్జ్ విండో తెరుచుకుంటుంది. తర్వాత ఆర్‌సీ1, అంటే మొదటి పరీక్షా విడుదల. ఆపై వారానికో ఆర్‌సీ, మామూలుగా 7 వరకు, ఒక్కోసారి 8. మొత్తం 9 నుంచి 10 వారాలు. కొత్త మార్పులు ఆర్‌సీ1కు, ఆర్‌సీ5కు మధ్య పంపడం ఉత్తమం. మెర్జ్ విండోలో మెయింటైనర్లకు ఊపిరాడదు, అప్పుడు పంపినది అడుగున పడిపోతుంది. బగ్ పరిష్కారాలకు మాత్రం ముహూర్తం లేదు.

8. బగ్ రిపోర్ట్ వచ్చిన రోజు

మెయింటైనర్ పనిలో ఎక్కువ భాగం ఇదే. 'నిన్నటిదాకా పనిచేసింది, కొత్త కెర్నెల్ వేశాక లేదు' అని మెయిల్ వస్తే అది రిగ్రెషన్. లైనస్ పెట్టిన నియమంలో సందు లేదు: యూజర్ స్పేస్‌ను విరగ్గొట్టకూడదు. ఆ ప్రోగ్రామ్ తప్పుగా రాశారు, డాక్యుమెంటేషన్ చదవలేదు అన్న వాదన చెల్లదు. ముందు పాత ప్రవర్తన తిరిగి తేవాలి, వాదన తర్వాత.

రిపోర్ట్ ఇచ్చినవారిని గిట్ బైసెక్ట్ చేయమని అడగండి, ఎలా చేయాలో కూడా రాయండి. రెండు విడుదలల మధ్య పది వేలకు పైగా కమిట్‌లున్నా, ప్రతిసారీ సగం తగ్గుతాయి కాబట్టి 14 బూట్‌ల చుట్టుపక్కల దోషి కమిట్ దొరుకుతుంది. వారు ప్రోగ్రామర్ కాకపోవచ్చు, ఓపికగా ఉండండి. బైసెక్ట్ చేసి ఇచ్చిన మనిషి మీ పనిలో సగం చేసినట్టు. 'రిపోర్టెడ్ బై' లైన్‌లో వారి పేరు, వెంటనే రిపోర్ట్ లింక్‌తో 'క్లోజెస్' లైన్ పెట్టడం మరవద్దు.

మనుషులతో పాటు యంత్రాలూ రిపోర్టులు పంపుతాయి. ఇంటెల్ నడిపే కెర్నెల్ టెస్ట్ రోబో రకరకాల ప్రాసెసర్లకు, కాన్ఫిగరేషన్లకు బిల్డ్ చేసి చూస్తుంది. గూగుల్ సిజ్‌బాట్ వింత ఇన్‌పుట్లతో కెర్నెల్‌ను కూల్చి చూస్తుంది. మీ లాప్‌టాప్‌లో శుభ్రంగా కంపైలయిన కోడ్ 32 బిట్ మెషీన్ మీద హెచ్చరిక ఇచ్చిందని మెయిల్ వస్తే దాన్ని మనిషి మెయిల్ లాగే చూడండి.

పరిష్కారం పాత వెర్షన్లకూ వెళ్లాలంటే స్టేబుల్ లిస్ట్‌కు సీసీ లైన్ చేర్చాలి. గ్రెగ్ క్రోహ్-హార్ట్‌మన్, సాషా లెవిన్ చూసే ఆ ట్రీలకు నియమాలున్నాయి: ముందు లైనస్ ట్రీలో చేరి ఉండాలి, చుట్టూ ఉన్న లైన్లతో కలిపి 100 లైన్లు దాటకూడదు, నిజంగా ఎవరినో బాధించే బగ్ అయి ఉండాలి. భద్రతా లోపమని అనుమానముంటే బహిరంగ లిస్ట్‌కు రాయకుండా కెర్నెల్ సెక్యూరిటీ బృందానికి రాయండి. 2024 ఫిబ్రవరి నుంచి కెర్నెల్ ప్రాజెక్టే తన లోపాలకు సీవీఈ (భద్రతా లోపాల గుర్తింపు) నంబర్లు ఇచ్చుకుంటోంది కాబట్టి, నంబర్ కోసం మీరు ఎక్కడికీ వెళ్లక్కర్లేదు.

బగ్ సరిచేశాక డ్రైవర్ పేజీ మళ్లీ తెరిచి చూడండి. ఆ వాడుకరి ఎక్కడ పొరబడ్డారో అక్కడ ఒక వాక్యం తక్కువై ఉంటుంది. కోడ్ ప్యాచ్ వెంటే ఆ వాక్యాన్ని రెండో ప్యాచ్‌గా పంపితే అదే ప్రశ్న మళ్లీ రాదు.

9. పేరు పెట్టడం, దిగిపోవడం

కొన్ని ప్యాచ్‌లు చేరాక, ఇతరుల ప్యాచ్‌లకు రివ్యూ ఇవ్వడం మొదలుపెట్టండి. ఇది కోడ్ పంపడం కంటే త్వరగా నమ్మకం తెస్తుంది. మెయింటైనర్ల కొరత కంటే రివ్యూయర్ల కొరత ఎక్కువ. ముందు ఆర్ లైన్‌లో మీ పేరు చేర్చమని ఒక ప్యాచ్ పంపండి. ఎమ్ లైన్ తర్వాత. చిన్న డ్రైవర్‌కు సొంత గిట్ ట్రీ అవసరం లేదు. ప్యాచ్‌లు సబ్‌సిస్టమ్ మెయింటైనర్ తీసుకుంటారు, మీ నుంచి 'యాక్డ్ బై', అంటే మీ సమ్మతి, ఆశిస్తారు. సొంత ట్రీ, సంతకంతో కూడిన ట్యాగ్, పీజీపీ తాళాలు (ఆ సంతకం మీదేనని రుజువు చేసేవి) అవన్నీ పుల్ రిక్వెస్ట్ పంపే స్థాయికి. 2011లో కెర్నెల్ డాట్ ఆర్గ్ సర్వర్లలోకి చొరబాటు జరిగాక ఆ తాళాల విషయంలో పట్టుదల పెరిగింది.

ఎస్ లైన్‌లో నిజం రాయండి. ఉద్యోగం చేస్తూ వారాంతాల్లో చూస్తుంటే 'సపోర్టెడ్' అని రాయకూడదు. కంపెనీ ఈమెయిల్‌తో నమోదైనవారు ఉద్యోగం మారిన రోజే కొత్త చిరునామాతో ప్యాచ్ పంపాలి, మెయిల్‌మ్యాప్ ఫైల్‌లో పాతదాన్ని కొత్తదానికి కలపాలి. లేకపోతే రిపోర్టులన్నీ ఎవరూ తెరవని పెట్టెలో పడతాయి. కెర్నెల్‌లో మెయింటైనర్ మాయమవడానికి అతి మామూలు కారణం ఇదే.

చూసేవారు లేని కోడ్ ఎప్పటికీ ఉండదు. ఇటానియం ప్రాసెసర్ల మద్దతు 2021లో ఆర్ఫన్ అయింది, 6.7 వెర్షన్‌లో తీసేశారు. ఫ్లాపీ డ్రైవర్‌ను 2019 జులైలో లైనస్ స్వయంగా ఆర్ఫన్ అని గుర్తు పెట్టారు. కానీ తర్వాత ఒకరు ముందుకొచ్చి పేరు పెట్టుకున్నారు, ఆ డ్రైవర్ మిగిలింది.

మీకు తీరిక లేనప్పుడు చెప్పకుండా మౌనంగా ఉండిపోవద్దు. ముందు 'ఆడ్ ఫిక్సెస్' కు మార్చండి. తరచుగా ప్యాచ్‌లు పంపుతున్నవారు ఎవరైనా ఉంటే నేరుగా మెయిల్ రాసి తీసుకుంటారా అని అడగండి. వారి కోసం మీ దగ్గరున్న పరీక్ష స్క్రిప్టులు, ఏ బోర్డు ఎవరి దగ్గర ఉందో, సరిచేయకుండా వదిలేసినవి ఏవో రాసివ్వండి. ఎవరూ లేకపోతే 'ఆర్ఫన్' అని పెట్టి, మీ పేరును క్రెడిట్స్ ఫైల్‌కు మార్చే ప్యాచ్ పంపండి. దాని సందేశంలో ఒక్క లైన్ కారణం చాలు.